ఫ్యాన్లు ఆపండి

వేపేరి చర్చి వెనక హాలు,
మే నెల, సాయంత్రం ఆరున్నర.
వాయించే ముందు హెప్సిబా టీచర్ అనే మాట ఒక్కటే:
"ఫ్యాన్లు ఆపండి."
ముప్పై ఏళ్లుగా ఆ మాటకి
సగం మంది లేచిపోతూనే ఉన్నారు.

మిగిలినవాళ్లం
చెమట తుడుచుకోడం కూడా చప్పుడేనని మానేసి
వింటాం.
హార్ప్సికార్డ్ గొంతు అంత చిన్నది మరి.
గట్టిగా నొక్కితే గట్టిగా పలకదు,
మెల్లగా తాకితే మెత్తబడదు.
కోపమొచ్చినా మురిపెమొచ్చినా ఒకటే తీరు.
అచ్చం మా అమ్మమ్మ, అనుకున్నాను
మొదటిరోజు.

హాలెండ్‌లో నాలుగు చలికాలాలు నేర్చుకుని
దీన్ని ఓడలో తెచ్చుకుందట టీచర్.
హార్బరు కస్టమ్స్ వాళ్లు
"పాత పియానో, కాళ్లు సన్నం" అని రాసుకుని వదిలేశారు.
మొదటి నవంబరు వానలకే లోపలి పలక చీలింది.
పెరంబూరులో రైలుపెట్టెలకి చెక్కపని చేసిన వాళ్ల నాన్న
ఓ ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి
ఆ చీలికలో సన్నటి బద్ద దూర్చి
"ఇంక అరక్కోణం దాకా పోతుంది" అన్నాడు.

తీగని మీటేది ఈక.
సీమనుంచి తెప్పించినవి విరిగిపోతే
టీచర్ మిద్దె వైపు చూసింది.
మద్రాసులో కాకులకేం కరువు?
ఈకకి అర్ధరూపాయి, పదకొండేళ్ల నాకు.
కడిగి, ఆరబెట్టి, నూనెలో నానేసి,
బ్లేడుతో గోరంత ముక్క కోసి బిగిస్తే
గోడమీద అరిచి అరిచి చంపే పక్షి
లోపల కూచుని
మూడువందల ఏళ్లనాటి నాట్యం పలికేది.

నేర్చుకోడానికి వచ్చేవాళ్లు తక్కువ.
వచ్చినవాళ్లూ కీబోర్డ్ అనుకుని వచ్చేవాళ్లు.
తెల్లమెట్లున్న చోట నల్లవి, నల్లవాటి చోట తెల్లవి చూసి
"తిరగేసి బిగించారా మేడమ్?" అనడిగాడు ఒక తండ్రి.
"ఎనిమిదో గ్రేడ్ ఎప్పటికి?" అనడిగింది తల్లి.
నాకు మాత్రం టీచర్ చెప్పింది:
"పుట్టిన స్వరం పుట్టినట్టే పోతుంది.
పోయేలోగా దాని పక్కన ఇంకోటి పెట్టు. అంతే, వేరే విద్య లేదు."
గోడకవతల వాటాలో వీణ మామి
అదే పని ఇంకోలా చేస్తుండేది,
తెలుగు కీర్తన పాడుతూ,
అర్థం నన్నడుగుతూ.

శృతి పాతపద్ధతిది. ఇప్పుడు నేనే చేస్తాను.
పదకొండు పంచమాల్ని తియ్యగా కూర్చితే
మిగిలిన తేడా అంతా పన్నెండోదాని నెత్తిన పడుతుంది.
అది ఊళ పెడుతుంది.
దాని పేరే తోడేలు.
"అటువైపు పోకుండా వాయించడమే మర్యాద" అనేది.
ఎవరో రాసినవే వాయిస్తూ
మర్యాదగానే గడిచింది, అరవై ఒకటి దాకా.

ఆ సాయంత్రం చివర్న
పెన్సిల్‌తో రాసిన నాలుగు కాగితాలు తీసింది.
పైన తారీకు లేదు, పేరు "బకింగ్‌హామ్ కాలువ".
రెండు పేజీలు నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.
మూడోదాని సగంలో
రెండు చేతులూ తిన్నగా వెళ్లి
తోడేలు మీద కూచున్నాయి.

ముందు వరుసలో ఒకాయన
శృతి చెడిందనుకుని నావైపు ఉరిమాడు.
టీచర్ వేళ్లు తియ్యలేదు.
ఆ ఊళ గోడలకి తగిలి, చిన్నదై, చెక్కలో ఇంకి
పూర్తిగా పోయేదాకా
తియ్యలేదు.

అయిపోయిందనుకున్నాడు వాచ్‌మన్ దేవసహాయం.
పాపం, మమ్మల్ని చూసి జాలిపడి
ఫ్యాన్లన్నీ ఒక్కసారి వేశాడు.

ఇంకా ఒకటిన్నర పేజీ ఉంది.
జనం చప్పట్లు కొట్టి చెప్పులు వెతుక్కుంటున్నారు.
టీచర్ తలెత్తలేదు. వాయిస్తూనే ఉంది.
పక్కనున్న నాకే
ఈక తీగని దాటే టిక్కు, టిక్కు.
నాలుగో కాగితం గాలికి లేచింది.
రెండు అరచేతులతో అదిమిపట్టుకున్నాను.