ఆగిన రికార్డు మీద సూది

రీగాలో, నదికి అవతలి ఒడ్డున,
మా పాత కర్రమేడలో నేను కింద, ఇల్మార్స్ పైన.
నాది కుర్చీలకు గుడ్డ తొడిగే పని.
ఆయనకు రికార్డుల పిచ్చి.

నవంబరులో ఒక రాత్రి తలుపు కొట్టాడు,
చేతిలో రసమట్టం.
"స్కైద్రీతే, ఇప్పుడు మిషను తొక్కుతున్నావా?
బేస్ వచ్చిన చోటల్లా ఊళ పుడుతోంది.
కాస్త శబ్దం పెంచానా,
ఇక దాన్ని ఆపడం నా తరం కాదు."

ఆ రాత్రి తొక్కడం మానేశాను.
ఊళ మానలేదు.
నా మీద నింద పోయింది గానీ
ఊరుకోబుద్ధి కాక
ఊలు మేజోళ్ళతోనే మెట్లెక్కాను.

స్పీకర్లు రెండూ, టర్న్‌టేబులూ ఒకే బల్ల మీద!
"ఇదేం కాపురమయ్యా,
అరిచేవాణ్ణీ వినేవాణ్ణీ ఒకే మంచం మీద పడుకోబెట్టావు.
వాడి అరుపు బల్లలోంచి వీడికి,
వీడు విన్నది తీగలోంచి వాడికి,
వాడు మళ్ళీ ఇంకా గట్టిగా...
ఇక తెల్లారినట్టే."

స్పీకర్లు దింపాం. ఊళ సగమైంది.
గాజుమూత తీసేశాం. ఇంకాస్త తగ్గింది.
టెన్నిస్ బంతులు సగానికి కోసి కాళ్ళ కింద పెట్టాడు.
పడవలా ఊగింది. తీసి పారేశాం.
నా కొట్టులోంచి దళసరి కంబళి ముక్కలు తెచ్చాను.
నా సూదీ సూదే కదా,
బల్ల వణికితే కుట్టు తప్పుతుందని దానికీ తెలుసు.

అయినా ఆయన వంటింటికి నడిస్తే చాలు,
పలకలు కుంగి, సూది గంతేసి,
పాట మధ్యలోంచి చివరికి దూకేది.

"ఉండు," అన్నాడు. రికార్డు ఆపి
కదలని గాడిలో సూది దించాడు.
శబ్దం పూర్తిగా పెంచాడు.

సూది కోసం సోదికెళ్తే అంటారే, అలాగే అయింది.

వీధి మలుపు తిరగకముందే ట్రాము.
గోడలో వేడినీళ్ళ గొట్టం గురక.
మొద్దులా నిద్రపోతానని చెప్పుకునే మూడో అంతస్తు అర్వీద్స్
కిటికీ నుంచి తలుపుకి, తలుపు నుంచి కిటికీకి.
కాగితపు గిన్నె ఊపిరి పీల్చినట్టు
స్పీకరు గుండె లోపలికీ బయటికీ.

సూదికి ఇది పాట, ఇది కాదు అన్న తేడా లేదు.
తాకినదల్లా చెప్పేస్తుంది.

ఇల్మార్స్ నా వైపు చూడకుండా అన్నాడు:
"మార్చిలో రోజూ నాలుగింటిదాకా తొక్కేదానివి.
గుడ్డ లేకుండా.
గుడ్డ ఉంటే ఆ చప్పుడు వేరు."

నేనేం మాట్లాడలేదు.
రసమట్టంలో బుడగ మధ్యకి వచ్చి నిలబడింది.

మర్నాడు పొగగొట్టం గోడకి,
ఇల్లంతా ఊగినా ఊగని ఆ ఇటుక గోడకి,
అలమర బిగించాం. పైన రాతిపలక, దాని మీద టర్న్‌టేబులు.
గెంతి చూశాం ఇద్దరం, ఈ వయసులో.
సూది కదల్లేదు.

ఇప్పుడు పైనుంచి వట్టి పాటే వస్తుంది.
ఆయనకి ఇక నా మిషను వినబడదు.

ఒక కంబళి ముక్క నాకూ మిగిలింది,
మిషను కాళ్ళ కింద పెట్టుకోమని ఇచ్చాడు.
ఇంకా పెట్టలేదు.