కందీలు కొక్కెం

మా గుడికి పునాది కంటె ముందు బాయి తవ్విండ్రు.
తలమునుగ నీళ్లు లేనిదే బాప్తిస్మం లేదన్నడు పాదిరి.
ఊరి బాయిల చేద వేస్తేనే చేతులు ఇరుస్తరు,
ఇంక మనిషినెట్ల ముంచుతరు?

పదకొండు గజాల కింద రాయి తగిలింది.
ఆ రాయే పైకొచ్చి గోడయ్యింది.
గానుగ సున్నంల బెల్లం నీళ్లు పోసిండ్రట,
పిల్లలు గోడ నాకేటోళ్లట.
యాభై ఏండ్లకు మా మేనత్త తబితమ్మ గూడ నాకి చూసింది.
ఉప్పగున్నదట.

ప్రసంగం బల్ల జరిపితే కింద చెక్కల మూత,
మూత తీస్తే తొట్టి, ఏడు మెట్లు.

సంఘం రిజిస్టర్ నా దగ్గరున్నది.
సిరా తుప్పు రంగుకు తిరిగింది.
పద్దెనిమిది వందల తొంభై ఎనిమిది:
మైసడు, జీతగాడు. ఒప్పుకోలు సరి.
బాప్తిస్మం ఆగింది. దొర సెలవియ్యలే.
మళ్ల నెల: మైసడు. ఆగింది. నాట్లు.
మళ్ల: ఆగింది. గడిల పెండ్లి.
ఎవరి పెండ్లో రాయలేదు.
మైసడు మా ముత్తాత.

తర్వాతి పేజీల చేతిరాత వేరే:
రాత్రి. కందీలుతోని. మైసడు, ఇకమీదట మనష్షే.
పక్కన సాక్షులవి మూడు వేలిముద్రలు,
నాలుగోది ఆయనదే, సగం అలికింది,
చెయ్యి ఇంక ఆరలేదేమో.

మునిగి లేచినోడు తెల్లారకముందే
దొర కొట్టంల పేడ ఎత్తుతున్నడు.
తడి వెంట్రుకలు చూసి ఎవరన్న అడిగిండ్రా,
మంచు పడ్డదన్నడా, ఏమన్నడో,
అవి రిజిస్టర్‌ల ఉండయి.

ఆ బాయి నీళ్లకే తర్వాత ఫ్లోరిన్ వచ్చింది.
మా నాయనకు మోకాళ్లు వంగకపొయ్యేది,
ఇరవై ఏండ్లు నిలబడే ప్రార్థన చేసిండు.
ఇప్పుడు ఆదివారం సగం చాపలు ఖాళీ,
సంఘం బొంబాయిల ఎవరి మేడలకో స్లాబు పోస్తున్నది.
ఆ పైసలతోనే మా గుడికి గూడ స్లాబట,
పాతది కూలగొట్టాలని తీర్మానం.
నేను గూడ సంతకం పెట్టిన.
కప్పు కురుస్తున్నది మరి, అబద్ధమెట్ల చెప్పాలె.

కొలతలకొచ్చిన ఇంజినీరు పిలగాడు
తొట్టి మీది దూలానికున్న కొక్కెం చూపి
"ఇది ఫ్యానుకా?" అన్నడు.
"కాదు."
"మరి దేనికి?"

నేను రిజిస్టర్ తెరిచి పేజీ దేవులాడేలోపు
రాసుకున్నడు:
పాత ఇనుము, ఒకటి.