ఊర్వె ఊడ్వని ఆకులు

అక్టోబరు చివర.
ఎస్టోనియాలో, వోరు ఊరి బడి వెనక
ఆస్పెన్ చెట్లు ఉన్నదంతా పారేసుకున్నాయి.
ఊర్వె చీపురు ఆపి
ఒక ఆకు తీసి
వెలుగుకు అడ్డం పట్టింది.

ఆకంతా పసుపు.
తొడిమ దగ్గర మాత్రం
వేలిగోరంత శ్రావణం.

ఆ పచ్చటి మరకలో
దారపు పోగంత పురుగు
తల అటూ ఇటూ ఆడిస్తూ మేస్తోంది.
చెట్టు లెక్క తేల్చి పంపేసినా
ఒక్క గదిలో దీపం
ఆర్పనివ్వలేదది.

తల్లి, బియ్యపు నూకంత నల్ల చిమ్మెట,
ఏ జూన్ మాపునో వచ్చి
తొడిమకు ఒక గుడ్డు అతికించి పోయింది.
ఇల్లు కట్టివ్వలేదు.
గుమ్మం చూపించింది, అంతే.

ఇదంతా ఊర్వెకు తెలియదు.
కిందటేడు తను నిప్పంటించిన కుప్ప,
అందులోంచి వచ్చిన చిటపట
గుర్తొచ్చాయి.

పసుపు కుప్పను మెల్లగా
కంచె వారకు నెట్టి
చీపురు గోడకు చేరేసింది.

"ఇంకా కాల్చలేదేం?"
హెడ్మాస్టరు కాల్యు, కోటు గుండీలు పెట్టుకుంటూ.

"లోపల భోజనాలవుతున్నాయండీ."

ఆయన తలతిప్పి
బడి వంటగది కిటికీ వైపు చూశాడు.