ఎదురుగాలికి నాలుగు గంటలు

దేరాలో, నైఫ్ రోడ్డు మీద
మనీ ఎక్స్ఛేంజికీ షవర్మా కొట్టుకీ మధ్య
ఆరడుగుల వెడల్పు ఆఫీసు మాది.
గోడకి ప్రపంచపటం.
దుబాయ్ దగ్గర కాగితం చిరిగిపోయింది,
అందరూ వేలు అక్కడే పెట్టి మొదలుపెడతారు మరి.

హైదరాబాదుకి రెండువేల ఐదువందల యాభై కిలోమీటర్లు,
మూడున్నర గంటలు.
రోజుకి ముప్పైసార్లు చెప్తాను,
వంకాయల ధర చెప్పినట్టు,
తలెత్తకుండా.

సోనాపూర్ క్యాంపు నుంచి వచ్చే గుండేటి పోశెట్టి మాత్రం
దూరం అడగడు.
మూడు ఆదివారాలుగా టైమే అడుగుతున్నాడు.
గోళ్ళ సందుల్లో సిమెంటు, చేతిలో నాలుగు మడతల పాస్‌పోర్టు జిరాక్సు.
"ఎక్కినకాడికెల్లి దిగేదాంక గాదు మేడం.
మా ఇంట్లకెల్లి నా రూములకు. మొత్తం."

రసీదు వెనక లెక్క వేశాను.
కోరుట్ల నుంచి బస్సు ఆరు గంటలు,
ఎయిర్‌పోర్టులో కూర్చోవడం నాలుగు,
గాలిలో నాలుగు.
"మూడున్నరంటివి గద?"
అది పోయేటప్పుడు. వచ్చేటప్పుడు ఎదురుగాలి.
కాసేపు పటం వైపు చూశాడు.
"అంటే ఇంటికి వోయేటప్పుడు
గాలి గూడ తోడొస్తదన్నట్టు."

పాస్‌పోర్టు లైను ఒక గంట, సామాను బెల్టు ఒక గంట,
క్యాంపు బస్సు ఒక గంట.
పదిహేడు, అన్నాను.
అప్పుడు బయటపెట్టాడు అసలు సంగతి, బల్ల అంచు గీకుతూ:
పెరుగు.
ఇక్కడి డబ్బా పెరుగుకి వాసనే లేదట.
అక్క లస్మవ్వ తోడేసిన పెరుగు
పదిహేడు గంటలు బతుకుతదా అని.

నా కంప్యూటర్లో సీట్ల వరసలున్నాయి,
ముప్పై కిలోల్లో ఏం పెట్టకూడదో జాబితా ఉంది.
పెరుగు ఎంత దూరం ఓర్చుకుంటుందో లేదు.
ఎప్పుడో అమ్మమ్మ చేసింది గుర్తొచ్చి చెప్పాను,
ఉతికిన తెల్లగుడ్డ పీలిక పెరుగులో ముంచి
నీడన ఆరబెట్టి, మడిచి జేబులో పెట్టుకోమని.
"ఎవరన్న అడిగితే?"
చేతిరుమాలను.

ఆ రోజు టికెట్ కొన్నాడు. నలభై రోజుల సెలవు.

తిరిగొచ్చిన మూడో ఆదివారం
ఒక కాగితం గ్లాసు తెచ్చాడు,
పైన ప్లాస్టిక్ కవరు, రబ్బరు బ్యాండు.
"బతికింది మేడం. మొదటిరోజు సాగింది, జిగట జిగట.
మూడోరోజుకు సక్కగయ్యింది."
గ్లాసు వంచి చూపించాడు.
కదల్లేదు.

కోరుట్ల నాకు తెలీదు. మాది ఆ వైపు కాదు,
ఏ వైపో ఎవరికీ చెప్పక ఆరేళ్ళయింది.
ఇన్నివేల టికెట్లు కొట్టానా,
నా పేరు ఒక్కసారీ టైపు చెయ్యలేదు.
సగం అక్కడే నిలబడి తిన్నాను, టీ చెంచాతో.
మిగతాది గదికి తీసుకెళ్ళి గోరువెచ్చని పాలలో వేశాను.

ఏసీ చలికి తోడుకోదు.
అందుకని గిన్నెని ఫ్రిజ్ వెనక,
మోటారు వేడి తగిలేచోట పెడతాను.
పక్క మంచం రోసలిన్ పులుపని మొహం చిట్లించి
రెండో చెంచా అడిగింది.
నిన్న అజ్మాన్‌లో ఉండే చెల్లెలికి
మందు సీసాలో కొంచెం పట్టుకెళ్ళింది.

ఇవాళ పొద్దున ఒక కుర్రాడు,
చొక్కాకి ఇంకా షాపు మడతలు పోలేదు,
పటం మీద చిరుగులో వేలు పెట్టి
"హైదరాబాద్ ఎంతసేపక్కా?" అన్నాడు.

పోవడానికా, రావడానికా అని అడిగాను.