దాపటెద్దు

సిరోంచ అవతలి ఇసుకదారిన
పొద్దు పొడవకముందే బండి వచ్చింది.
కాడికి వలపట ఎద్దు,
దాపట సిడాం మాన్కు భుజం.
బండిలో, గోనెపట్టా కింద,
మొన్నటిదాకా ఆ భుజం చోట నడిచినది.

నాది రసీదు పుస్తకం.
ఆదివారాలు రాబందుల కంచె కాడ
జీతం లేని కొలువు.
ముందటి పేజీలో నాగపూర్ డాక్టరమ్మ, అయిదు వేలు.
చంద్రపూర్ బట్టల కొట్టాయన, నీళ్ల తొట్టికి సిమెంటు
(బోర్డు మీద పేరు చిన్నగా పడిందని
రెండుసార్లు ఫోన్ చేశాడు).

అడగాల్సింది అడిగాను, తల ఎత్తకుండా:
"నొప్పి సూది ఏమన్నా వేయించినవా?"
ఆ మందు మాంసంలో మిగిలితే
తిన్న పక్షి బతకదు.

"డాక్టరు సూది పట్టుకొనే నిలబడ్డడు.
నేనే వద్దన్న.
మీరే కదా చెప్పిండ్రు, ఎండల్ల, బడి కాడ.
మూడు రాత్రులు సారూ.
తల ఒళ్లె పెట్టుకున్న.
అది నన్నే చూసుకుంట ఉండె."

బడి కాడ చెప్పింది నేనే.
చార్టు పటం కూడా నేనే గీశాను.

నలుగురం పట్టి కంచె లోపల దించాం.
ఎండిన మద్ది కొమ్మ మీద
ఒక మెడ, తర్వాత ఇంకో మెడ, ఇటు తిరిగాయి.

పేరు రాశాను. ఊరు రాశాను.
'రూపాయలు' అన్న గడిలో
పెన్ను సిరా చుక్కయి నిలిచింది.

రసీదు అడగలేదతను.
పలుపు విప్పి చుట్టగా చుట్టి చంకన పెట్టుకొని
మళ్లీ కాడి కిందికి వంగాడు.
ఖాళీ బండి.
వలపటెద్దు మెడ తిప్పి
అతని చెమటను ఒకసారి వాసన చూసి
అడుగు వేయడానికి
చాలాసేపు ఆలోచించింది.