మూడో గడి

బ్రాడీపేట నాలుగో లైనులో, చెప్పుల కొట్టు మీది గదిలో
పేజీకి ఇరవై తీసుకుని
ఊళ్లోవాళ్ల చదువులన్నీ నేనే టైపు చేస్తాను.
నాది బీకాం. రెండు సబ్జెక్టులు ఇంకా అక్కడే ఉన్నాయి.

పీహెచ్‌డీ సీజనొచ్చిందంటే
ప్రింటరు కూడా దగ్గుతుంది.

నిన్న ఆఖరి తేదీ.
రాత్రి ఎనిమిదింటికి మెట్లెక్కి వచ్చింది మస్తాన్‌బీ,
ఎమ్మెస్సీ, మొక్కల తెగుళ్లు, అరవై ఎనిమిది పాయింటు నాలుగు శాతం.
పాయింటు నాలుగు ఒత్తి చెప్పింది.

నెట్ ఉందా? ఉంది.
అనుభవం?
కాసేపాగి, "యార్డులోనా, ల్యాబులోనా?" అంది.
ల్యాబుదే రాశాను, ఏడు నెలలు.
మిర్చి యార్డులో తొమ్మిది వేసవులు
వాళ్ల ఖాలా పక్కన కూర్చుని తాలుకాయ ఏరింది.
దానికి ఫారంలో చోటు లేదు.

తర్వాత భాషలు.
చదవగలరు, రాయగలరు, మాట్లాడగలరు:
ఒక్కో భాషకి మూడు గడులు.

ఇంగ్లీషూ హిందీ ముందే అచ్చయి ఉన్నాయి.
ఇంగ్లీషుకి మొదటిది టిక్కు, రెండోది టిక్కు,
మూడోదాని దగ్గర ఆమె నా మౌసు వంక చూసింది,
నేను ఆమె వంక.
"పాఠం తెలుగులోనే చెప్పేవారండీ సార్లు,
పరీక్షే ఇంగ్లీషు."
మరి ఈ కాయితం?
మొత్తం ఇంగ్లీషు మీడియమేనని
కాలేజీ గుమస్తా ముద్ర కొట్టి ఇచ్చాడు.
'మీడియం'లో ఒక అక్షరం తక్కువ.

ఉర్దూకి మూడో గడి ఒక్కటే.
"నాన్నకి సంతకం వరకూ వచ్చు, నాకదీ రాదు."
తెలుగు 'ఇతరములు' కిందకి వచ్చింది.
మూడు గడులూ నింపాను,
అడక్కుండానే, గట్టిగా నొక్కి.

ఎందుకు చేరాలనుకుంటున్నారో అరపేజీ రాయాలి.
నా దగ్గర ఒకటుంది, తయారు సరుకు.
చిన్నతనం నుంచీ పరిశోధనంటే ప్రాణం, అని మొదలవుతుంది.
నూటపది మంది చిన్నతనాలు దాంట్లోనే వెళ్లాయి.
వద్దంది.
"నేను చెప్తా, మీరు ఇంగ్లీషులో కొట్టండి."

ఖాలా కాయని చెవి దగ్గర ఆడించి
గింజ మోతని బట్టి తేమ చెప్పేదట.
నల్ల తామరపురుగు పువ్వులో దూరిన ఏడు
కాయ మోగలేదట.
ఘాటు ముక్కుది, కారం నాలుకది,
మంట చేతులది,
ఇంటికెళ్లి పిల్లాడి మొహం తుడవలేని చేతులది.

నా వేళ్లు ఆగాయి.
మూడింటికీ 'హాట్' అని కొట్టి, చెరిపి, మళ్లీ కొట్టి
చివరికి ఇంగ్లీషు అక్షరాల్లో ఘాటు అనే రాశాం.
కింద ఎర్రగీత పడింది.
"ఉండనీయండి."

పదకొండు నలభైకి సర్టిఫికెట్లు బరువయ్యాయంది సైటు.
రెండొందల కేబీకి కుదించాను.
ముద్ర మసకైంది. ఏ అక్షరం తగ్గిందో ఇక ఎవరికీ తెలీదు.

మూడో గడి ఖాళీగానే ఉంది.
"ఇంటర్వ్యూలో అడిగితే?"
"పురుగు గురించైతే చెప్తానండీ.
నా గురించి అడిగితేనే కష్టం."
మౌసు తనే తీసుకుని నొక్కింది.

దరఖాస్తు నంబరు తెర మీదకొచ్చిందో లేదో
కరెంటు పోయింది.
చీకట్లో ఇద్దరం ఆ పదకొండు అంకెలూ
పైకి చదువుకుంటూ కూర్చున్నాం,
ఆమె ఉర్దూలో, నేను తెలుగులో,
ఏడో అంకె దగ్గర తేడా వచ్చి
మళ్లీ మొదట్నించీ.