తల్లి నంబరు ఒకటి

బంగారుపాళెం రోడ్డు మీద మామిడి గుజ్జు ఫ్యాక్టరీ.
రాత్రి రెండున్నర.
తోతాపురి లారీలు గేటు దాకా నిలబడుండాయి,
టైర్ల పక్కన డ్రైవర్లు దుప్పట్లు కప్పుకోని పడుకోనుండారు.
లోపల ఏసీ గదిలో
నేనూ సర్వరూ.

సాయంత్రం గజేంద్ర సారు చెప్పిపోయినాడు:
"ఆ ఏజెంట్లు వచ్చినప్పట్నించీ మిషను ఈడ్చుకుంటా ఉండాదమ్మా,
ఊడ్చిపారెయ్."

ఊడ్చేది తేలిక.
ఒక్క లైను, ఒక్క ఎంటరు.
చీపురుకు చెత్తా ఉంగరమూ ఒకటే.

సీజన్లో బిల్లులు సరిచూసేదానికి తెచ్చుకున్న ఏజెంట్లు.
కాటా చీటీకొకటి, రైతు పేరుకొకటి, టన్ను రేటుకొకటి
పిల్లల్ని పుట్టించి పనికి తోల్తాయి.
"విజయవంతంగా పూర్తయింది" అని
పుస్తకాల తెలుగులో రాసిపెట్టి
వాటి దోవన అవి పోతాయి.
పిల్లలు ఈడనే.
ఒకటి, మూసేసిన తలుపు కాడ ఇంకా చెవి ఆనించుకోని.
ఒకటి, రాని జవాబు కోసం మూడు రోజులుగా.
ఒకటి, ఎవురూ చూడని పేజీని తెరిచి పట్టుకోని
రెండు జీబీ మింగి కూర్చోనుండాది.

పట్టీ తీస్తే నలభై ఒకటి.
రెండింటికి తప్ప
అన్నింటికీ తల్లి చోట ఒకే అంకె: ఒకటి.
కన్నది పోతే ఒకటో నంబరు చేరదీస్తాది,
ఎవరి బిడ్డవని అడగదు.

ఆ మిగిలిన రెండూ చచ్చినవే.
తల్లి బతికే ఉండాది, పనిలో ఉండాది,
వాటి చివరి మాట వినేదానికి వెనక్కి తిరగలేదు.
అందుకే పేరు చెరగలేదు.
చచ్చినోళ్ళని మళ్ళీ చంపలేం.
వదిలేసినాను.

"ముందు చూడు. చూస్తే ఏమీ విరగదు"
అనేవాడు హేమాద్రన్న, నాకు ఈ పని నేర్పినాయన.
కాటా చీటీ వెనకాల గీతలు గీసుకున్నా:
ఎప్పుడు పుట్టింది, ఎవురు పెట్టింది,
యాడ కూర్చోనుండాది, చేతిలో ఏం పట్టుకోనుండాది.

పద్దెనిమిదో వరస.
తల్లి ఒకటి. పుట్టి పదకొండు నెలలు.
పేరు లేదు, పని లేదు, సున్నా శాతం.
వేలు ఎంటరు మీదికి పోయింది కూడా.
చేతిలో ఏముందో ఆ గడి ఒక్కటే ఖాళీగా ఉందని
ఆగి చూసినా.

ఒక తీగె.
తీగె అవతల మూడో కోల్డ్ రూము.
నిమిషానికొకసారి లేచి ఒక అంకె రాసి
మళ్ళీ పండుకుంటాది.
మైనస్ పద్దెనిమిది.
మైనస్ పద్దెనిమిది.
మైనస్ పదిహేడు పాయింట్ తొమ్మిది.

టీ తెచ్చిన వాచ్‌మన్ చెంగల్రాయులు అడిగినాడు:
"ఏం లెక్కమ్మా ఈ పొద్దప్పుడు?"
"వదిలేసిపోయినోళ్ళ లెక్క."
ఆయన గేటు వైపు చూసి,
"లారీ కింద ఎవుడన్నా పండుకోనుంటే
కాలితో తట్టనమ్మా నేను. పేరు పెట్టి పిలస్తా" అనినాడు.

సరే, నేనూ పిలిచినా.
ఒక్కొక్కదాన్నీ, పిలిచే ముందు
పుట్టిన గడియ ఇంకోసారి చూసుకోని
(ఈ మిషను నంబర్లు తిప్పి వాడతాది,
ఇందాకటి అంకె ఇప్పుడు ఇంకొకరిది కావచ్చు).
ముగించుకో అంటే ముప్పై మూడు
తెరిచినవి మూసి, రాసేది రాసి, పోయినాయి.
రెండు వినలేదు. పది లెక్కపెట్టి
తొమ్మిదో నంబరు వాడినా.
అది వాడిన చెయ్యి
కాసేపు టీ గ్లాసు పట్టుకోలేదు, ఎందుకో.

మూడు ఎవరివో తెలీలేదు. ముట్టలేదు.

నాలుగున్నరకి పలమనేరుకు ఫోన్ చేసినా.
హేమాద్రన్న ఇప్పుడు ఆవులు సాకతా ఉండాడు,
పాలు పితికే పొద్దే అది.
బక్కెట్లో ధార చప్పుడు వినిపిస్తా ఉంది.
"పద్దెనిమిదో వరసా? మూడో రూముదా?
అది నాదే. రాసిపెట్టడం మరిచిపోయినా."
ధార ఆగింది.
"ఇంకా బతికే ఉండాదా?"